ఎఫ్-టూ నొక్కితే నీరసం

మార్చి 3
పెద్ద డాక్టరుగారు పిలిచి కొత్త పని అంటగట్టారు. తగ్గని నీరసంతో మా ఆస్పత్రికి వచ్చేవాళ్లు రెండేళ్లలో మూడింతలయ్యారట. కారణమేమిటో పాత కార్డులు తిరగేసి చూడాలట. పదకొండేళ్లుగా రికార్డు రూములో దుమ్ము మింగుతున్నది నేనే కదా, ఇంకెవరికి చెప్తారు.

క్యాంటీన్లో తలా ఒక కారణం చెప్పారు. నీళ్లన్నారు, ఫోన్లన్నారు, డ్యూటీ గంటలన్నారు. మందుల కౌంటరాయన మాత్రం ఒళ్లు వంగక అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా ఇంట్లోనే ఉంది కదా ఒకతి.

మార్చి 4, ఉదయం 7
చెల్లిని లేపడానికి అరగంట పట్టింది. పార్కు రెండో మలుపు దాకా నడిపించాను. కాళ్లు వణుకుతున్నాయంది. నీ మొండితనం నా దగ్గర కాదని చెయ్యి పట్టి లాక్కెళ్లాను. ఒకప్పుడు పిల్లలకు ఈత నేర్పిన మనిషి. ఆరేళ్ల కింద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ మనిషి మళ్లీ నిలదొక్కుకోలేదు.

మార్చి 5
లేవలేదు.

మార్చి 6
ఇవాళ కూడా. నటన అన్నాను, దానికి వినబడేట్టుగానే.

మార్చి 9
ఒక సంగతి బయటపడింది. సిగ్గుగా ఉంది. కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎఫ్-టూ మీట నొక్కితే 'నీరసం' అని దానంతటదే పడేలా పెట్టుకున్నాను. రోగి పది మాటలు చెప్పినా నాకు ఒక్క మీట. రెండేళ్ల కింద బదిలీ మీద వచ్చిన టైపిస్టుగారికి ఆ కిటుకు తెలియదు. పాపం, కార్డులో ఉన్నదంతా కొడతారు. అందుకే ఆమె వచ్చాక కొట్టిన వాటిలో తగ్గని నీరసం జబ్బుగా లెక్కకొచ్చింది, నావాటిలో ఉత్త నీరసమని లెక్కలోకే రాలేదు.

డాక్టరుగారికి చెప్పేశాను. అయితే పెరిగినదాంట్లో కొంత మీ వేలి చలవే అన్నారు. కొంత మాత్రం నిజమేనట, మొన్నటి పెద్ద జ్వరాల తర్వాత చాలామంది పడిపోయారట. ఏది ఎంతో ఇప్పుడే తేలదట.

మార్చి 12
అసలు కార్డులు చదువుతున్నాను. ఒక పంతులమ్మ, ఒక లారీ డ్రైవరు, ఇద్దరు నర్సులు. ఒకరికొకరు తెలియరు, అందరిదీ ఒకే మాట. కాస్త శ్రమపడితే మర్నాడు కుప్పకూలడం. బలవంతాన తిరిగినవాళ్లు ఇంకా దిగజారారు.

మార్చి 13
చెల్లి కార్డు దొరికింది. 'చెప్పిన బాధ' అన్న గడిలో డాక్టరు రాశారు: జ్వరం తర్వాత మొదలు. నడిస్తే రెండు రోజులు లేవలేదు. ఇంట్లో నమ్మడం లేదంటోంది.

కింద టైపు చేసినవారి సంతకం నాది. సొంత చెల్లి కార్డు చదవకుండానే ఎఫ్-టూ కొట్టానన్నమాట. బాత్రూములో కొళాయి తిప్పి ఏడ్చాను. చెబుదామనుకుని ఇంటికొచ్చాను, చెప్పకుండానే పడుకున్నాను.

మార్చి 14
నడకకు లేపలేదు. ఎనిమిదింటికి తనే గోడ పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చింది. కాళ్లకు బూట్లున్నాయి.

"ఇంక నాకు తగ్గదనేనా అక్కా, లేపలేదు?" అంది.