పక్క ఛానెల్లో సూరిబాబు

12 ఆగస్టు 1982, గురువారం
ఇవాళ్టి నుంచి సూరిబాబు అవుటర్ హార్బర్‌లో ఓడల్ని లాగే టగ్గుని నడిపే సారంగు. ఇక వాడి పిలుపులన్నీ అక్కడి కొత్త వైర్‌లెస్ గదికే. ఇన్నేళ్లూ ఇక్కడ లోపలి హార్బర్‌లో, ఓడని బెర్తు గట్టుకి తాళ్లతో కట్టడం అవగానే నా వైర్‌లెస్ సెట్టులోకి వచ్చేవాడు — "బావా, ఈయేల ఏటి కూర?" కబుర్లు కూడదని గోడ మీద రాసి ఉన్నా సరే.
ఇవాళ ఎవరూ అడగలేదు. వంకాయ.

16, సోమవారం
వినిపించాడు! వాళ్ల ఛానెల్ నా ఛానెల్‌కి ఆనుకునే ఉంది, పైగా వాళ్ల సెట్టుకి పవరెక్కువ. మాటలు నా మీదికి వచ్చి పడుతున్నాయి.
"పెసాదు బావా, ఈయేల ఏటి కూర?"
ఆ గదిలో ఆపరేటరు ప్రసాదు, కాకినాడ మనిషి. "మా ఊర్నించి పులసొచ్చిందండీ..."
నాలుగు రోజులకే బావట. ఒళ్లు మండిపోయింది.

17
ఇవాళా అడిగాడు. ఎంత నవ్వో. నా దగ్గర అంత నవ్వేవాడు కాదు.

20, శుక్రవారం
లోపలి బెర్తులో ఓడ కడుతున్నారు. మా టగ్గు నుంచి, సూరిబాబు చోట వచ్చిన అప్పన్న ఏదో అంటున్నాడు... దాని మీద సూరిబాబు గొంతు. "ఎండుసేపలేసి వంకాయ వండితే..." అది మా ఆవిడ కూర. మా ఇంట్లో తిన్నది ఆ ప్రసాదుకి చెబుతున్నాడు!
నేను ఓడవాళ్లకి అందించాల్సిన అప్పన్న మాట — "ఓడనాపమను, తాడు బిగిసిపోతంది." తర్వాత తెలిసింది. తాడు తెగింది. ఖలాసీ తలకి వెంట్రుకవాసిలో తప్పింది.
వినపడలేదన్నాను. నిజమే. మరి ఏది వింటున్నావని ఎవరూ అడగలేదు.

23, సోమవారం
మెకానిక్ వచ్చి చూశాడు. "ఆళ్ల తప్పేటి లేదు బాబూ. నీ పాత సెట్టే పక్కోడి గొంతుని రానిత్తంది." ఏరియల్‌కీ సెట్టుకీ మధ్య ఫిల్టరు పెట్టాడు, చిన్న రేకు డబ్బా. "ఇంక ఆళ్ల మాట ఇనబడదు."
నిజంగానే శుభ్రంగా ఉంది. అప్పన్న దగ్గు కూడా వినిపిస్తోంది.

24
జెట్టీ దగ్గర సూరిబాబు ఎదురుపడ్డాడు. "ఏటి బావా, నల్లపూసైపోనావ్?" పనుందని వచ్చేశాను. వాడు కూర సంగతి అడగలేదు. అడుగుతాడేమోనని కాసేపు మెల్లగానే నడిచాను.

25, బుధవారం
కిటికీలోంచి కనిపిస్తోంది — అవుటర్‌లో ఓడ కట్టేశారు. ఇప్పుడే అడుగుతూ ఉంటాడు. డబ్బాకి రెండే స్క్రూలు. విప్పి, ఒక్కసారి విని మళ్లీ బిగించేస్తే...
లోపలి బెర్తుకి ఓడ వస్తోంది. అప్పన్న పిలుస్తున్నాడు. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది.