రొద చేసే టైర్లు

చెల్లీ,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. పికప్‌ బండికి బురదలోనూ పట్టు జారని ఆల్ టెరైన్ టైర్లు వేయించాను. "తారు రోడ్డు మీద తిరిగే బండికి ఇవెందుకయ్యా? ఒకటే రొద, డీజిలూ తాగేస్తాయి" అని టైర్ల కొట్టాయన సణిగాడు. "బురదలో మిట్ట ఎక్కుతాయా లేదా, అది చెప్పు!" అని కసిరాను. పోయినసారి పాత రోడ్డు టైర్లు మీ వీధి మిట్ట ఎక్కలేక బురదలో కూరుకుపోయాయి. పురిటి నొప్పులతో వానలో నువ్వే నడిచి దిగావు. బిడ్డ దక్కలేదు. ఇప్పటికీ మబ్బు పడితే బండి పక్కకి ఆపేస్తాను.

ఈ కాన్పుకి డాక్టరమ్మ ఏ తేదీ చెప్పింది? వంటింటి కుళాయి బాగుచేయించారా? నా రెయిన్‌కోటు మీ ఇంట్లోనే ఉండిపోయింది, బావని ఆరబెట్టి ఉంచమను.

చల్లగా ఉండు తల్లీ. ఈసారి ఎంత వానైనా నువ్వు మెట్లు దిగొద్దు, గుమ్మంలోనే కూర్చో. రొద వినబడిందంటే నేను మిట్ట ఎక్కుతున్నట్టే.

అన్నయ్య