నందవరం బీటలు

ఎమ్మిగనూరు,
12 జూన్ 1984

మాస్టారూ, నమస్కారం.

పరిశోధన మానేస్తానని పోయిన వారం నేను రాసిన ఉత్తరాన్ని దయచేసి చించేయండి. రాత వంకరగా ఉంటే క్షమించండి, ఆనందం పట్టలేక బురద కాళ్లతోనే కూర్చుని రాస్తున్నాను.

నందవరం దగ్గర నల్లరేగడి చేలో బీటలు కొలుస్తున్నానని మీకు తెలుసు. దూరం నుంచి చూసినా, భూతద్దంలో చూసినా వాటి రూపం ఒకేలా ఉంటే, అవి ఎంత గజిబిజిగా చీలాయో చెప్పే నా లెక్కలోని సంఖ్య కూడా మారకూడదు. కానీ చిన్న బీటల్లోకి వెళ్లేకొద్దీ అది కొంచెం కొంచెంగా తగ్గుతోంది. తప్పు నాదే అనుకుని రెండేళ్లు ఏడ్చాను.

నిన్న ఆ చేను గల తిమ్మమ్మతో ఈ గోడు చెప్పుకున్నాను. ఆమె పకపకా నవ్వింది.

"తల్లి పోలిక బిడ్డకొస్తాది, బిడ్డ పోలిక మనమరాలికొస్తాది. అట్లని ముగ్గురూ అచ్చం ఒగటే ఉంటారా? రోంత రోంత మారతాంటారు గదమ్మా!"

తిరుగు బస్సులో నిలబడే లెక్క వేశాను. పోలిక పూర్తిగా నిలవదు, మెల్లగా మారుతుంది. ఆ మార్పుకూ ఒక సూత్రం ఉంది మాస్టారూ! అది పెట్టగానే నా కొలతలన్నీ ఒకే గీత మీదికి వచ్చి కూర్చున్నాయి.

ఆ సంగతి తిమ్మమ్మకు చెబుదామని ఈ ఉదయం చేనుకు పరుగున వెళ్లేసరికి, అక్కడ రాత్రి మొదలైన వాన ఇంకా దంచికొడుతోంది. రేగడి తడిసి ఉబ్బి బీటలన్నీ మూసుకుపోయాయి, కొలవడానికి ఒక్కటీ మిగల్లేదు. తిమ్మమ్మ గట్టు మీద నుంచే కేకేసింది.

"నీ లెక్క అయిపోయింది గదమ్మా? ఇంగ మేము ఇత్తనం ఏసుకుంటాం!"

"ఏసుకో తిమ్మక్కా!" అని మోకాలి లోతు బురదలో నిలబడి నేనూ కేకేశాను.

మీ శిష్యురాలు