గొంతు తగ్గించమన్న ఫ్యూజు

ఖైతాన్,
17 జూలై 2025, గురువారం.

తమ్ముడు గంగాధర్‌కు,

ధర్మపురి నరసింహస్వామి దయవల్ల నువ్వు మహబూలాలో సుఖంగా ఉన్నావని తలుస్తూ చిన్నరాజం దీవించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమమే. క్షేమమే అని రాసి, కలం పక్కన పెట్టి, రెండుసార్లు లేచి నీళ్లు తాగి వచ్చాను. ఫోనులో చెప్పొచ్చు గదా అంటావు. నువ్వు ఎత్తవు. ఎత్తినా నేను ఉపన్యాసం మొదలుపెడతాను. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ ఎడారి దేశంలో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కరెంటు కోత మళ్లీ మొదలైంది, సరిగ్గా నేను పురాణం చెప్పే మన శుక్రవారం సత్సంగం వేళకే. నువ్వు బాగుచేసి ఇచ్చిన హోం థియేటర్ మూలన ముసుగేసుకుని కూర్చుంది. దజీజ్ గోదాముల నుంచి మనిద్దరం మోసుకొచ్చిన లారీ బ్యాటరీ ఉత్తగా పడి ఉంది. నలభై మంది వస్తారు. కిటికీ తెరిస్తే రోడ్డు మోత, మూస్తే ఉక్క. ఇంటిపనికి పోయే మన ముత్తెవ్వకు వాళ్ల మామా, అదే ఇంటి యజమానురాలు, వారానికి మూడు గంటలే సెలవిస్తుంది. ఆమె వచ్చేసరికి గది నిండిపోయి గడప దగ్గరే జాగా దొరుకుతుంది. బ్యాటరీ మీద సెట్టు పలికిన ఆ నాలుగు వారాలే నా మాట అక్కడిదాకా పోయింది.

జరిగిందేదో జరిగింది. సత్సంగం నడుమ తీగె అంటుకుంది. మన లింబాద్రి దాన్ని ఉత్త చేత్తో పీకాడు, అరచేయి బొబ్బలెక్కింది. గదిలో అందరూ నీ పనితనాన్నే తప్పుపట్టారు. బిల్డింగ్ కాపలా చూసే హారిస్ నిన్ను మెట్లెక్కవద్దన్నాడు. ఏసీ ఆగినా, ఫ్రిజ్ ఆగినా నిన్నే పిలిచే ఖైతాన్ వాళ్లు ఇప్పుడు నీ పేరెత్తితే తల అడ్డంగా ఊపుతున్నారు. ఆ మరుసటి వారం నేను సగం నేర్చిన విద్య గురించి గంటసేపు చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. అయినా అందరూ నువ్వు కూర్చున్న వైపే చూశారు. ఆ సాయంత్రమే నువ్వు పెట్టె సర్దుకున్నావు.

నేను నిన్ను క్షమించాను, తమ్ముడూ. మిగతావాళ్లకు నేనే సర్దిచెప్తాను. వచ్చి, బ్యాటరీకి ఇన్వర్టరు, ఇన్వర్టరుకు సెట్టు మళ్లీ కలిపి పో.

నువ్వు చెప్పింది నేనేమీ మరిచిపోలేదు. బ్యాటరీ ప్లస్సు పక్కనే ఫ్యూజు పెట్టి, ఇది ద్వారపాలకుడు, దీన్ని ఎవరూ ముట్టవద్దన్నావు. స్తంభం పగిలి స్వామి బయటికొచ్చే ఘట్టంలో నేను ఊపిరి బిగించి కేక వేయగానే, డోలు కూడా తోడై, ఫ్యూజు ఎగిరిపోయేది. మూడోసారి ఎగిరినప్పుడు నువ్వన్న మాటకు గదంతా నవ్వింది.

"గొంతు తగ్గించు అన్నా. ఫ్యూజుకు నీ భక్తి తెల్వది."

స్వామి గర్జనను తగ్గించడానికి నువ్వెవడివని మండిపడ్డాను. పెద్ద ఫ్యూజు వేస్తే ఈ సన్న తీగె తట్టుకోదు, రెండు వారాలాగితే లావు తీగె తెస్తానన్నావు.

ఈ నడుమ గ్రంథం ఎక్కడ తెరిచినా ఒకటే పుట వస్తోంది. కొడుకు చచ్చాడా అని ద్రోణుడు అడిగితే, చచ్చాడని పైకి అని, ఏనుగు అన్నమాట నోట్లోనే మింగిన ధర్మరాజు పుట. మూసి తెరిస్తే మళ్లీ అదే. రేపు అదే చెప్పాలి. ఎట్లా చెప్పాలో తోచడం లేదు.

ఉత్తరం లింబాద్రి తెస్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

నీ మేలు కోరే అన్న,
చిన్నరాజం

తా.క. శుక్రవారం, సత్సంగం అయిపోయాక.

పైన రాసింది చింపలేదు. ఎటువంటివాడు రాశాడో నువ్వు చూడాలి.

తీగె కాలిన రోజు ఆ జాగాలో ఫ్యూజు లేదు. పొగతాగడం పాపమని తిట్టి లింబాద్రి దగ్గర గుంజుకున్న సిగరెట్టు పెట్టె నా దగ్గరుండె. అందులోని వెండి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పొద్దున్నే ఎవరూ చూడకుండా ఫ్యూజు బదులు కుక్కాను. ఎంత అరిచినా సెట్టు ఆగలేదు. స్వామి నా గొంతు మెచ్చాడనుకున్నాను. మంట ఆరిన గొడవలో ఆ కాగితం తీసి జేబులో వేసుకున్నాను. మాడిన ఆ ముక్క ఇందులో పెట్టాను. అడిగినవాళ్లకు చూపించు.

ఈరోజు ధర్మరాజు సంగతి మొదలుపెట్టాను. ఆయన నిజం మింగుతుంటే శంఖాలు ఊది కప్పేశారు. నాకు కప్పడానికి కరెంటు లేదు, సెట్టు లేదు. నా సంగతి కూడా చెప్పేశాను. గ్రంథాన్ని నా అంతట నేనే నేర్చుకున్నట్టు నువ్వూ కరెంటు పని నేర్చుకున్నావనీ, సగం నేర్చింది నువ్వు కాదనీ చెప్పాను. లింబాద్రి తన అరచేయి చూసుకుంటూ, "అంటే నా సిగరెట్టే నన్ను కాల్చిందా అన్నా" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. లేచి హారిస్ దగ్గరికి పోయి ఆయనకూ చెప్పి వచ్చాను.

గొంతు తగ్గించే చెప్పాను, తమ్ముడూ. గడప దగ్గరున్న ముత్తెవ్వకు కూడా వినబడింది.