నీ సాన చక్రంలో మిగిలిన ముక్క

ఏమయ్యా,

నువ్వు చివరగా చేసిన సాన చక్రం అరిగి అరిగి నా అరచేతిలో ఇమిడేంత అయింది. నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఏడాదంతా మన శింగనమల ఊరి కొడవళ్లను దాని మీదే సాన పట్టాను. ఈ రోజు కొత్త చక్రం చేశాను.

ఇనుమును అరగదీసే గట్టి కురువిందం రాయిని దంచి, మెత్తగా జల్లించుకున్నాను. బాండ్లీలో లక్క కరుగుతుంటే మీ అన్న వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు.

"లక్క ఇంకొంచెం ఎక్కువ ఎయ్యమ్మా. బిగువుగా పట్టుకుంటాది, తొందరగా అరగదు," అన్నాడు.

"అరగకపోతే ఎట్ల కోస్తాది బావా? మొద్దుబారిన రాతి పలుకు రాలిపోవాల, లోపలి కొత్త పలుకు బయటికి రావాల. లక్క ఎక్కువైతే చక్రం నున్నగా మెరుస్తాది, అంతే!"

నీ మాటే అది. గొంతు కూడా నీ అంత పెద్దగానే లేచింది.

మిగిలిన నీ ముక్కను లక్కలో వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అది తమ్ముడు చేసింది గదమ్మా. గూట్లో పెట్టుకో."

"గూట్లో ఉండి ఏం పని చేస్తాది బావా?" అని వేసేశాను. అది కరిగాక రాతిపొడి కలిపి, వేడి ముద్దను అచ్చులో కూరి, బండతో అదిమాను.

సాయంత్రానికి చక్రం చల్లారింది. దాని మీద మొదటి కొడవలి పట్టాను. పదును చూడబోయి మీ అన్న బొటనవేలు కోసుకున్నాడు.

వేలు నోట్లో పెట్టుకునే, "మా తమ్ముని సాన మాదిరే ఉండాదమ్మా," అన్నాడు.

"మాదిరి కాదు బావా, ఆయనదే," అని రెండో కొడవలి అందుకున్నాను.