మోకాళ్లకు సెలవు

జూన్ 3, సోమవారం

ఉదయం 6:10. వయసు నలభై నాలుగు. టైల్స్ మేస్త్రీగా ఇరవై మూడేళ్లు. పరిచిన గదులు తొమ్మిది వందలకు తక్కువుండవు. అన్నీ మోకాళ్ల మీదే.

నిన్న డాక్టరు ఎక్స్‌రే చూపించారు. కుడి మోకాలిలో గుజ్జు అరిగిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే నేలకు ఆనిస్తే ఆపరేషను. ఆనించకపోతే బండి ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది. ఈ రెండో మాట మా ఆవిడ డాక్టరు చేత రెండుసార్లు చెప్పించుకుంది.

కాబట్టి ఈ రోజు నుంచి నేను మేస్త్రీని కాదు, ఓనరుని. టైల్సు, కుళాయిలు, రంగులు, కరెంటు. ఇంటికి ఏ జబ్బు చేసినా ఒక్క ఫోను చాలు. మనుషులు వెళ్లి చేస్తారు. నేను చూసుకుంటాను.

నియమాలు:
1. మోకాలు నేలకు ఆనకూడదు.
2. తాపీ ముట్టకూడదు.
3. తెల్ల చొక్కా.

7:00. తాపీ, రబ్బరు సుత్తి, మోకాలి పట్టీలు సంచిలో కట్టి అటక మీద పెట్టాను. మా ఆవిడ నిచ్చెన తీసుకెళ్లి పక్కింటికి ఇచ్చేసింది. అంత అపనమ్మకం అక్కర్లేదు.

జూన్ 4, మంగళవారం

మా అమ్మాయి కార్డులు తయారుచేసింది. నా పేరు కింద "యజమాని" అని ఉంది. మూడుసార్లు చదివాను.

బృందం: కుళాయి పనికి నా చిన్ననాటి స్నేహితుడు. చుక్క కారినా తనదే పూచీ అంటాడు కాబట్టి వాణ్ని అందరూ చుక్క అనే పిలుస్తారు. నా స్థానంలో టైల్సుకు కొత్త మేస్త్రీ. ముప్పై ఏళ్లవాడు. ఏం చెప్పినా "సరే అన్నా" అంటాడు. శాంతం అని పేరు పెట్టాం.

మధ్యాహ్నం 3:30. నలభై ఎనిమిది ఫ్లాట్ల భవనం నుంచి ఫోను. సెక్రటరీ మేడమ్ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ముందు మూడో అంతస్తు వరండాలో టైల్సు వేయించి చూస్తారట. నచ్చితే ఏడాది పని మొత్తం మాకే, పదిహేనో తారీఖున సంతకం. ఇది దొరికితే మళ్లీ తాపీ పట్టాల్సిన పని లేదు. దొరక్కపోతే అటక ఎక్కాలి.

జూన్ 6, గురువారం

ఉదయం 10:00. ఓనరుగా పనిలో మొదటి రోజు. మూడో అంతస్తు వరండాలో నిలబడ్డాను. చేతులు వెనక్కి పెట్టుకుంటే పోలీసులా ఉంది, జేబులో పెట్టుకుంటే అల్లుడిలా ఉంది.

11:05. శాంతం టైలు కింద సిమెంటు మాలు నిండా పరచలేదు. ఐదు ముద్దలు పెట్టి పైన అతికించాడు. ఇది బద్ధకస్తుల పద్ధతి. మధ్యలో గాలి మిగులుతుంది. మడమతో తడితే టైలు ఖాళీ కుండలా పలుకుతుంది. దాన్నే మేం డొల్ల అంటాం. ఏదో ఒకరోజు పగులుతుంది. నిండా పరచమని చెప్పాను.

"సరే అన్నా."

తర్వాతి టైలుకూ ఐదు ముద్దలే.

11:20. చూడలేక కిందికి వెళ్లిపోయాను.

11:22. వచ్చేశాను. గొంతుక్కూర్చుని ఒక్క టైలు వేసి చూపించాను. గొంతుక్కూర్చోవడం వేరు, మోకాలు ఆనించడం వేరు. డాక్టరు రెండోదే వద్దన్నారు.

సాయంత్రం మా ఆవిడ ప్యాంటు మోకాళ్లు వెలుతురులో పెట్టి చూసింది. శుభ్రం.

జూన్ 9, ఆదివారం

గొంతుక్కూర్చుంటే మోకాళ్లు ఇంకా ఎక్కువ నొప్పి పెడుతున్నాయి. ఉపాయం తట్టింది. బోర్లా పడుకుని పనిచేస్తే మోకాళ్లకు పనే లేదు. నియమం ప్రకారం తప్పు కాదు. పదకొండు టైల్సు వేశాను. రెండో నియమం సంగతి తర్వాత చూద్దాం.

సాయంత్రం తనిఖీ. ప్యాంటు శుభ్రం. చొక్కా గుండీల నుంచి బొడ్డు దాకా సిమెంటు.

"ఓనరుగారు ఇవాళ ఈతకెళ్లారా?" అంది.

జూన్ 11, మంగళవారం

ఒప్పుకుంటున్నాను. మోకాళ్ల మీదే చేశాను. వరండా మలుపు దగ్గర వాలు కుదరాలంటే వేరే దారి లేదు. చుక్క దగ్గర ప్యాంటు అరువు తీసుకున్నాను. వాడు నాకంటే జానెడు పొట్టి. మేడమ్ మెట్లు దిగుతూ నా పిక్కలు చూశారు, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

సాయంత్రం చుక్క భార్య మా ఆవిడకు ఫోను చేసింది. కుళాయిలు బిగించే మనిషి ప్యాంటుకు మోకాళ్ల దగ్గర టైల్సు సిమెంటు ఎందుకుందని.

జూన్ 12, బుధవారం

మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. టిఫిన్ డబ్బా సర్దుతూ ఒక్కటే అడిగింది.

"రేపు నువ్వు మంచం దిగలేకపోతే లేపేది నేనే కదా. నా నడుం ఎన్నాళ్లు ఆగుతుందో డాక్టరుని అడిగావా?"

అడగలేదు.

ఇక నిజంగా ఆపేస్తున్నాను. పై నియమాలన్నీ వర్తిస్తాయి. బోర్లా పడుకోవడం కూడా నిషేధం.

జూన్ 15, శనివారం

ఉదయం 11:00. వరండా మేడమ్‌కు నచ్చింది. సంతకానికి ఇంటికి పిలిచారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు. మడత చూస్తే వేలు తెగేలా ఉంది.

11:04. హాల్లో కిటికీ కింద మడమ పడింది. డొల్ల.

11:05. సోఫాలో కూర్చున్నాను. కాగితాలు ముందున్నాయి. పెన్ను చేతిలో ఉంది. చూపు కిటికీ కిందే ఉంది.

11:09. చెప్పేశాను. ఎవడో చేతకానివాడు వేశాడు మేడమ్, ఇలాంటివాళ్ల వల్లే మా వృత్తికి చెడ్డపేరు అన్నాను. ఇంకా చాలా అన్నాను. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నా ఎవరూ ఆ మాట చెప్పలేదని ఆమె ఆశ్చర్యపోయారు. శాంతానికి ఫోను చేశాను. అరగంటలో వస్తానన్నాడు.

11:14. అరగంట చాలా సమయం.

11:15. మోకాళ్ల మీద ఉన్నాను.

బండి తాళంచెవితో అంచుల్లో సిమెంటు గీరాను. మేడమ్ పళ్లు కోసే చాకు ఇచ్చారు. టైలు మూతలా లేచి వచ్చింది. కింద ఐదు ముద్దలు. చూశారా అన్నాను గర్వంగా.

టైలు తిరగేశాను.

వెనక మేకుతో గీసిన మూడు గీతలు. పక్కన తేదీ. నాకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన అలవాటు అది. ఇంట్లో చివరి టైలు వెనక మేస్త్రీ తన గుర్తు గీయాలి. ఆ మూడు గీతలు నావి. అప్పట్లో కాంట్రాక్టరు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లేవాణ్ని. రంగులు కూడా వేయని ఇంటిని ఇన్నేళ్ల తర్వాత ఎలా గుర్తుపడతాం? చివరి టైలు, సాయంత్రం, మాలు అయిపోయి ఉంటుంది. మళ్లీ కలపడానికి ఒళ్లు బరువై ఉంటుంది.

నిండా మాలు పట్టించి ఉంటే ఆ గుర్తు మూసుకుపోయేది. డొల్లగా వేశాను కాబట్టే దొరికాను.

"ఏమిటవి మేస్త్రీగారూ, ఆ గీతలు?"

చాకు చేతిలోనే ఉంది. రెండు గీకులు గీకితే పోతుంది. కాంట్రాక్టు కాగితాలు బల్ల మీద రెపరెపలాడుతున్నాయి.

"నా గుర్తు మేడమ్. ఇందాక తిట్టింది నన్నే."

కాంట్రాక్టు పోయినట్టే. ఇక వెళ్దామని లేవబోయాను. మోకాలు లేవనివ్వలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె చెయ్యిచ్చి లేపారు. ఆమె వయసు డెబ్భై.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని, కాంట్రాక్టు చివర గుండ్రటి అక్షరాలతో ఒక షరతు చేర్చి, సంతకం పెట్టి, కాగితం నా వైపు తోశారు.

"షరతు 14. ప్రతి టైలునూ యజమాని స్వయంగా కాలితో తట్టి, విని, ఒప్పుకోవాలి. యజమాని మోకాలు నేలకు ఆనితే ఈ ఒప్పందం రద్దు."

"పిల్లలు తప్పు ఒప్పుకుంటే నేను మార్కులు తగ్గించేదాన్ని కాదు. కానీ గోడకుర్చీ వేయించేదాన్ని. మీకు అది కూడా కుదిరేలా లేదు" అన్నారు.

సాయంత్రం ప్యాంటు మోకాళ్లు బూడిద రంగు. దాచలేదు. మా ఆవిడకు కాగితం ఇచ్చాను. పద్నాలుగో షరతు మాత్రమే చదివింది. లామినేషన్ చేయించమంది.

జూన్ 17, సోమవారం

కాంట్రాక్టులో మొదటి రోజు.

ఉదయం 10:30. మేడమ్ హాలు, కిటికీ కింద శనివారం టైలు లేపిన చోటు. శాంతం టైలు వేశాడు. మడమతో తట్టాను. డొల్ల. తీయమన్నాను. మళ్లీ వేశాడు. మళ్లీ డొల్ల. మళ్లీ తీయమన్నాను. చేతులు వెనక్కే ఉన్నాయి. పోలీసులా ఉంటే ఉండనీ.

మూడోసారి మాలు నిండా పరిచాడు. వెయ్యబోతుంటే ఆపి, వెనక గుర్తు గీయమన్నాను.

"ఎవరిది అన్నా? నీదా?"

"వేసేవాడిది."

మేకు తీసుకుని చిన్న సున్నా గీశాడు. కాసేపు చూసుకున్నాడు.

"ఇంత మాలు పెడితే ఇది ఎవరికీ కనబడదు కదన్నా. మరెందుకు?"

"కనబడకుండా ఉండటానికే."

ఈసారి వెంటనే "సరే అన్నా" అనలేదు. ఆలోచించి అన్నాడు. టైలు వేశాక తట్టాను. మూగగా ఉంది.

సాయంత్రం 5:30. ప్యాంటు శుభ్రం. చొక్కా శుభ్రం. చుక్క ప్యాంటు చుక్క దగ్గరే ఉంది. మా ఆవిడ ఆ మాట కూడా ఫోను చేసి కనుక్కుంది.

5:40. పక్కింటాయన నిచ్చెన తిరిగి తెచ్చుకోమన్నాడు. వద్దు, మీ దగ్గరే ఉండనివ్వండి అని చెప్పడానికి వెళ్లాను. వాళ్ల గుమ్మం లోపల రెండో టైలు డొల్ల.

5:41. ఏమీ అనకుండా వచ్చేశాను.

5:52. మళ్లీ వెళ్లాను. నిలబడే ఉన్నాను. కార్డు ఇచ్చి, రేపు మా మనిషి వస్తాడని చెప్పాను.