మామ ముఖం లేని ఫోటో

కోవిల్‌పట్టి,
ఫిబ్రవరి 3.

చిరంజీవి ఆర్తికి, నీ మేనత్త రుక్మణి వేయి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయాను గానీ చేయి రాలేదు. నువ్వు పంపిన ఫోటో మొన్న అందింది. అప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు.

పోయిన ఆదివారం నువ్వు వచ్చి మీ దొరైసామి మామను ఆయన వ్యాను పక్కన నిలబెట్టి నలభైసార్లు క్లిక్కుమనిపించావు కదా. ఆయన కూడా తలకు నూనె రాసుకుని, మీసం దువ్వుకుని, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. తీరా వచ్చింది చూస్తే నలుపూ తెలుపూ. వెనకాల గాలిమరలు పిండి చల్లినట్టున్నాయి. మామకు కాళ్ళున్నాయి, నడుము సగం ఉంది, ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి పొగ పైకి పోతోంది. తిప్పి తిప్పి చూశానమ్మా, పైకే పోతోంది.

మన వీధిలో నలుపు తెలుపు ఫోటో ఎప్పుడు వేస్తారో నీకు తెలియనిదా? మనిషి పోయిన పూటే గోడకు అంటించే కన్నీటి అంజలి పోస్టరుకు. పెళ్ళికీ, చెవులు కుట్టడానికీ కంటికి కొట్టే రంగులు వేస్తారు. బతికున్న మనిషిని ఇలా వేయడం నేను పుట్టి ఎరుగను. ఆయన రోజూ కయత్తారు పక్క పల్లెలనుంచి పదహారు మంది ఆడవాళ్ళను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి చేర్చే మనిషి. ఇప్పుడు వ్యాను హారను వినపడేదాకా నేను గుమ్మం వదలడం లేదు.

ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులో ఉంటుంది. అరవంలో రాస్తే కోడలు కార్తిక చదివేస్తుంది. మా నాన్న నీకూ నాకూ మాత్రమే తెలుగు అక్షరాలు నేర్పింది ఇందుకేనేమో. వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
గుండె చేతిలో పట్టుకుని తిరుగుతున్న నీ అత్త,
రుక్మణి

తా.క.: ఫోటోను బియ్యం డబ్బా అడుగున దాచాను. ఆ డబ్బాలో చేయి పెట్టడానికి భయమేసి నాలుగు పూటలుగా ఉప్మాయే చేస్తున్నాను. మామకు ఇప్పుడు ఉప్మా అంటే భయం.


విరుదునగర్,
ఫిబ్రవరి 7.

ప్రియమైన అత్తకు, ఆర్తి నమస్కారాలు.

మీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి గట్టిగా నవ్వేశాను. బడిలో బొమ్మలు నేర్పే టీచరు అలా నవ్వకూడదట, హెడ్మిస్ట్రెస్ చెప్పింది.

అత్తా, ఆ ఫోటో చెడిపోలేదు. కావాలనే అలా తీశాను. కెమెరా కన్ను అరసెకను తెరిచే ఉంచి, ఆ అరసెకనులో కెమెరాను కిందినుంచి పైకి లేపాను. అందుకే మామ పైకి సాగిపోయాడు. రంగు తీసేసి, ముఖం చెరిపేస్తే మనిషి ఎవరన్నది పోయి అతని సారం ఒక్కటే నా చేతికి వస్తుంది. నాకు కావలసింది అదే. మామ ఒక్కడే కాదు, ఇంకా పదిమందిని ఇలాగే తీశాను. ఆయనే బాగా కుదిరాడు.

ఇరవై రెండో తేదీన మా ఊళ్ళో ఒక హాలులో నా ఫోటోల ప్రదర్శన. ఇదే నా మొదటిది. మామను నిలువెత్తున గోడకు వేలాడదీసి, కింద చిన్న దీపంలాంటి లైటు పెడుతున్నాను. ఆ ఫోటోకు ‘వెళ్ళిపోతున్న డ్రైవరు’ అని పేరు పెట్టాను. మీరిద్దరూ తప్పకుండా రావాలి.

మీ ముద్దుల మేనకోడలు,
ఆర్తి

తా.క.: మామ పాత ఖాకీ చొక్కా ఒకటి పంపండి. ఉతకకండి, చెమట మరకలు ఉండాలి. దానితోపాటు ఆయన కాలు మోపి వ్యాను ఎక్కే చోటినుంచి గుప్పెడు నల్లమట్టి కూడా. ఎందుకన్నది ఇప్పుడు చెప్పను. మామకు అసలే చెప్పకండి.


కోవిల్‌పట్టి,
ఫిబ్రవరి 12.

ఆర్తికి, ఆశీస్సుల సంగతి తరువాత చూద్దాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కావాలనే చేశావా? మామ సారం నీ చేతికి వచ్చిందా? ఉతకని చొక్కా, కాలికింది మట్టి, కింద దీపం! ఈ మూడూ కలిపి ఎవరు అడుగుతారో చిన్నపిల్లకు కూడా తెలుసు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని నేను. మీ అమ్మకు మా ఇంటి పెళ్ళిలో రెండో పంక్తిలో ఆకు వేశామని ఇంకా మనసులో పెట్టుకున్నారా? అదే అయితే మీ అమ్మను రమ్మను, ఒక్కదానికే ఆకు వేసి వడ్డిస్తాను. ఆయన్ని మాత్రం వదిలేయండి.

ఫోటో తీసుకుని, డమరుకం కొట్టి సోదె చెప్పే వెళ్ళైసామి దగ్గరికి పోయాను. అతడు ఫోటో చూసి డమరుకం కింద పెట్టేశాడు. ఇంతకుముందు ఎవరికీ అలా పెట్టలేదట. “అమ్మా, ఈ మనిసి సుట్టూ పొగ ఉండాది. మండలం రోజులు సక్రం ముట్టకూడదు” అన్నాడు. అందుకని వ్యాను తాళం సావి పప్పుల డబ్బాలో దాచాను. ఇంకో వ్యాను నడిపే చెల్లదురై తన వ్యానులో ఆ ఆడవాళ్ళను దించుతున్నాడు. మీ మామ రెండు రోజులుగా పరుపు ఎత్తి, దేవుడి పటాల వెనక చూసి, నామీద అరుస్తున్నాడు. అరవనీ. అరుస్తున్నాడంటే ఉన్నాడనే కదా. ఆయన లేని ఇంట్లో నేను ఏం చేసుకోవాలి, నువ్వే చెప్పు.

చొక్కా పంపను. మట్టి అంతకన్నా పంపను.

రుక్మణి

తా.క.: ఫోటో తన దగ్గరే వదిలి పొమ్మని వెళ్ళైసామి బతిమాలుతున్నాడు. అది ఎదురుగా ఉంటే వచ్చినవాళ్ళు ఎదురు ప్రశ్నలు వేయరట.


విరుదునగర్,
ఫిబ్రవరి 16.

అత్తకు నమస్కారాలు.

ఈసారి నవ్వలేదు, ఏడ్చాను. చొక్కా ఫోటో పక్కన తగిలించడానికి, మట్టి కింద పరచడానికి. మన నల్లనేల లేకపోతే మామ ఏ ఊరివాడో చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అంతే అత్తా. నేను మామకు చెడు తలుస్తానని మీరు ఎలా అనుకున్నారు?

ఇందులో రెండు ఫోటోలు పెట్టాను. రెండూ నలుపు తెలుపే, ఆ ఆదివారం ఒకే చోట తీసినవే. ఒకదానికి కెమెరా కదపలేదు. అందులో మామ మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. రెండోదానికి కదిపాను. మామకే చూపించండి. కదిపినది ఆయనకు నచ్చకపోతే ప్రదర్శనలోంచి తీసేస్తాను, మళ్ళీ మన మనుషుల్ని అలా తీయను. ఇది ఒట్టు.

మీ ఆర్తి

తా.క.: సావి ఎక్కడ ఉందో కనుక్కోమని మామ నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. నేను పప్పుల డబ్బా అనలేదు. చింతపండు డబ్బా అన్నాను.


కోవిల్‌పట్టి,
మార్చి 9.

చిరంజీవి, చిరంజీవి, చిరంజీవి ఆర్తికి, అత్త పదివేల ఆశీస్సులు.

ఆలస్యానికి కోపం తెచ్చుకోకు. జరిగింది వరసగా చెబుతాను.

నీ ఫోటోలు రెండూ మామ చేతికిచ్చి, ఏది బాగుందని అడిగాను. ఆయన ముక్కుదాకా తెచ్చుకున్నాడు. చేయి చాచి దూరంగా పెట్టాడు. ఎండకు తిప్పాడు. తరువాత అన్నాడు: “ఏమే, రెండూ ఒకటేదా? ఒకే పోటో రెండు ఏల తెచ్చినావు?”

వేళాకోళం అనుకున్నాను. “దీంట్లో మీసం కానొస్తా ఉండాదా?” అంటే, “మీసమా? ముందర మొగమే లేదే” అన్నాడు. అది నువ్వు కదపని ఫోటో, ఆర్తీ. ఎదురుగా నిలబడి, “నేనెట్ల ఉండాను, సెప్పండి” అన్నాను. “నువ్వూ అట్లేదా, పొగ మాదిరి” అని ముఖం తిప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

పోయిన ఆషాఢం, అదే ఆడి మాసంనుంచే అలా ఉందట. చెబితే స్టీరింగు ముట్టనివ్వరని భయపడి దాచాడు. మరి వ్యాను ఎలా నడిపారంటే దుప్పటి ముసుగు పెట్టాడు. ముందు సీటులో కూర్చునే ముత్తుప్పేచ్చిని పోయి అడిగాను. “అన్న దినామూ ‘ఎదర ఏముండాది సెప్పు, ఎదర ఏముండాది సెప్పు’ అంటాడు. నాకు పొద్దుపోవాలని అడుగుతాడనుకొంటినక్కా. ఎద్దుబండి అంటాను, బస్సు అంటాను, మలుపు అంటాను” అంది. ఒకరోజు ఆమె కునుకు తీసిందట. ఆ రోజు వ్యాను తిన్నగా జొన్నచేలోకి పోయి ఆగింది. కుక్క అడ్డం వచ్చిందని మామ అందరికీ చెప్పాడట.

పదహారు మంది ఆడవాళ్ళు, ఆర్తీ. అందరికీ ఇళ్ళలో పిల్లలు. ఆ సావి నేను దాచకపోయి ఉంటే ఎన్ని పోస్టర్లు అంటించాల్సి వచ్చేదో నువ్వే లెక్కపెట్టు. మదురైలో కళ్ళ డాక్టరు చూసి, రెండు కళ్ళలోనూ పొర ముదిరిందన్నాడు. ఇరవై రెండో తేదీనే మొదటి కంటికి ఆపరేషన్, అందుకే నీ ప్రదర్శనకు రాలేదు. రెండోది వచ్చే నెల. అంతవరకూ వ్యాను ముట్టకూడదన్నాడు డాక్టరు. తాను ముందే చెప్పానని వెళ్ళైసామి వీధి వీధీ చాటుతున్నాడు.

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మీ అమ్మను అన్నవి సగం తీసుకుంటున్నాను.

ఇట్లు,
ఇంకా తాళి మెడలో ఉన్న నీ అత్త,
రుక్మణి

తా.క.: కట్టు విప్పగానే మామ నన్ను ఎగాదిగా చూసి, “ఏమే, ఇంత నరిసిపోయినావు, ఎప్పుడు?” అన్నాడు. ఆ తరువాత నువ్వు కదిపిన ఫోటో తెమ్మన్నాడు. దాన్ని మంచి కంటితో చాలాసేపు చూశాడు, ముఖం వాడిపోయింది. “పావం, ఈ పిల్లకీ కండ్లు పోతా ఉండాయి” అన్నాడు. కావాలనే తీసిందని ఎంత చెప్పినా, “నేనూ అట్లేదా సెప్పకుండా దాసినాను” అంటున్నాడు. గురువారం పొద్దున పదింటికి అదే డాక్టరు దగ్గర నీకు పేరు రాయించాడు. ఒకసారి వచ్చి చూపించుకో తల్లీ, నాకూ భయంగానే ఉంది.